చీటీ లేని బేరం ఇంకెన్నాళ్లు?

హైదరాబాదు పాతబస్తీలో దబీర్‌పురా దర్వాజా అని ఒకటుంది. ఒకప్పుడు నగరం చుట్టూ రాతిగోడ, ఆ గోడకు పదమూడు దర్వాజాలు ఉండేవి. గోడ పోయింది. దర్వాజాలూ ఒక్కొక్కటే పోయాయి. నేటికి నిలిచినవి రెండే - పురానాపూల్ దర్వాజా ఒకటి, ఈ దబీర్‌పురా దర్వాజా రెండోది. దీని కింద నుంచి రోజూ ఆటోలు, స్కూటర్లు, తోపుడుబండ్లు పోతుంటాయి. తెల్లవారుజామున మాత్రం ఆకుకూరల గంపలు పోతాయి. మేము చెప్పబోయేది ఆ గంపల సంగతి.

ఇక్కడి నుంచి నడిచిపోయేటంత దూరంలోనే మీర్ ఆలం మండీ ఉంది. 1804 నుంచి 1808 దాకా నిజాం దగ్గర దివానుగా పనిచేసిన మీర్ ఆలం పేరు మీద వెలసిన బజారు అది. కూరగాయలు, ఎండుమిర్చి, చింతపండు, మసాలా దినుసులు, యునానీ వైద్యానికి కావలసిన వేర్లు, గింజలు, జిగురు - అన్నీ ఒక్క చోట దొరుకుతాయి. ఇంకాస్త ముందుకు పోతే పత్తర్‌గట్టీలో అత్తరు దుకాణాలు, చార్మినారు పక్కన లాడ్ బజారులో లక్కగాజులు. పాతబస్తీ ఇల్లాలు ఈనాటికీ ఒక సరుకు ఒక చోట, ఇంకో సరుకు ఇంకో చోట చూసి, పట్టి, వాసన పీల్చి, బేరమాడి కొంటుంది. నగరాన్ని చూడవచ్చినవాళ్లు దీన్ని వింతగా చూసి ఫొటోలు తీసుకుంటారు. మంచిదే. కానీ ఆ ఫొటోలో గంప కనిపిస్తుంది గాని, గంప వెనక ఉన్న చేను కనిపించదు. చేనులో వంగిన నడుము అసలే కనిపించదు.

యాచారం వైపు నుంచి వచ్చే ఒక అక్క మాకు చాలా ఏళ్లుగా తెలుసు. సొంత భూమి లేదు. అర ఎకరం కౌలుకు తీసుకుని పాలకూర, కొత్తిమీర, పుదీనా వేస్తుంది. సాయంత్రం కోత, దీపాలు పెట్టినాక కట్టలు కట్టడం, తడిగోనె కప్పడం, రెండు జాములకే లేచి నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకుని పట్నం రావడం. ఎండ ఎక్కేలోగా అమ్ముడుపోవాలి. పోకపోతే వాడిన కట్టకు ధర లేదు, తిరిగి మోసుకుపోవడానికి ఓపికా లేదు. మధ్యాహ్నానికి ఊరు చేరి మళ్లీ మడిలో దిగాలి. ఆమె నిద్ర ఎప్పుడు పోతుందో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

"దస్ కా తీన్ దేవ్ అమ్మా" అంటారు కొనేవాళ్లు. పది రూపాయలకు మూడు కట్టలు కావాలన్నమాట. ఆమెకు వచ్చిన ఉర్దూ ఆ అంకెల వరకే, కొనేవాళ్లకు వచ్చిన తెలుగూ అంతే. అయినా బేరం తెగుతుంది. రంజాను నెలలో పుదీనా ఎంత పడుతుందో, మొహర్రంలో బీబీకా అలావా దగ్గర జనం ఎన్నాళ్లుంటారో ఆమెకు పంచాంగంలా తెలుసు. ఏ పుస్తకంలోనూ రాయని ఈ లెక్కే ఆమె పెట్టుబడి.

దబీర్ అంటే ఫారసీ భాషలో లేఖకుడు, రాతగాడు అని అర్థం. మేము బడిలో చదివింది తక్కువ. సంఘం ఆఫీసులో పాత పత్రికలు, నిఘంటువులు తిరగేసి నేర్చిందే ఎక్కువ. ఈ మాట అర్థం తెలిసిన రోజు మాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. రాతగాళ్ల పేరు పెట్టుకున్న పేటలో, ఏ మడిలో పండింది, ఎవరు కోసింది, ఎంతకు కొన్నది, ఎవరికి ఎంత ముట్టింది అని ఎవరూ ఎక్కడా రాయరు. చీటీ లేదు. చీటీ లేని చోట దోపిడీకి సాక్ష్యం ఉండదు.

రూపాయి ఎక్కడ పోతున్నది?

ఈ అక్క తన సరుకు తానే అమ్ముకుంటుంది గనుక కొంత నయం. టమాటా, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ పండించే రైతు సంగతి వేరు. ఆ సరుకు ఊరి దళారీ చేతి నుంచి లారీకి, లారీ నుంచి పెద్ద మార్కెట్ అడ్తికి, అడ్తి నుంచి చిల్లర వ్యాపారికి, అక్కడి నుంచి తోపుడుబండికి పోతుంది. ప్రతి చేయీ కొంత తీసుకుంటుంది. 2024 అక్టోబరులో రిజర్వు బ్యాంకు వెలువరించిన అధ్యయన పత్రం ప్రకారం, కొనేవాడు పెట్టే రూపాయిలో రైతుకు అందేది టమాటాకు 33 పైసలు, ఉల్లికి 36 పైసలు, ఆలుగడ్డకు 37 పైసలు. ఈ మాట ఎర్రజెండా పట్టుకున్నవాళ్లు అన్నది కాదు, రిజర్వు బ్యాంకు పత్రమే అన్నది. అదే పాల విషయంలో రైతుకు 70 పైసల దాకా అందుతున్నదని లెక్క. తేడా ఎక్కడుంది? పాలకు సహకార సంఘాలు ఉన్నాయి. పొద్దున పోసిన పాలకు కొలత ఉంది, వెన్న శాతం ఉంది, పుస్తకంలో రాత ఉంది. కూరగాయకు అవేవీ లేవు.

ఆ లెక్కలో కూడా ఒక మనిషి లేడు. రైతుకు 33 పైసలు అన్నారు. ఆ 33లో కూలీకి ఎంత? కలుపు తీసిన చేతికి, కాయ తెంపిన చేతికి, బుట్ట మోసిన తలకు ఎంత? ఆ గడి ఖాళీ. ధర పెరిగితే కూలి పెరగదు, ధర పడితే కూలి ఎగ్గొడతారు. 2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటి పోయినప్పుడు తెంపిన కూలీకి ఆ వందలో అదనంగా ఏమీ రాలేదు. రెండు నెలలు తిరగకముందే ధర కూలిపోయి సీమ రైతులు పండిన పంటను రోడ్డు పక్కన పారబోసినప్పుడు మాత్రం కూలీకి పనే లేకుండా పోయింది. లాభం వచ్చినప్పుడు పాలు లేదు, నష్టం వచ్చినప్పుడు మాత్రం మొదటి వాటా కూలీదే.

మేము కళ్లారా చూసింది ఒకటి చెబుతాం. కొన్నేళ్ల కిందట మా మండలంలో నలుగురు కౌలుదార్లు కలిసి టమాటా వేశారు. సరుకు నగరంలోని ఒక పెద్ద మార్కెట్‌కు తెచ్చినప్పుడు మేమూ వెంట వచ్చాం. అడ్తిదారు తెల్లకాగితం ముక్క మీద పెన్సిలుతో నాలుగు అంకెలు వేసి చేతిలో పెట్టాడు. తరుగు పోయింది, హమాలీ పోయింది, కమీషను పోయింది, విత్తనాలకు ముందిచ్చిన అప్పు పట్టుకున్నాడు. "తక్‌పట్టీ ఇయ్యి సేటూ" అని అడిగాం. "తక్‌పట్టీ కావాలంటే తీస్కపోండి, రేపటి సంది సరుకు గూడ వేరే దుకాణంల దించుకోండి" అన్నాడు. అప్పు ఉన్నవాడు వేరే దుకాణంలో ఎలా దించుతాడు? తలవంచుకుని వచ్చేశాం. ఆ వారం కూలీలకు డబ్బు అందలేదు. తెంపడానికి వచ్చిన ఒక అవ్వ మమ్మల్ని నిలేసింది: "టమాట కుళ్లితే మా కూలి గూడ కుళ్లుతదా కొడుకా?"

ఆ ప్రశ్నకు మేమిప్పటికీ సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

చట్టం లేక కాదు. నిజాం కాలంలోనే, 1339 ఫసలీలో, అంటే 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది. మార్కెట్ కమిటీలు, లైసెన్సులు, సరైన తూకం - ఈ చట్టాల ఉద్దేశమంతా రైతును అడ్తి చేతిలోంచి కాపాడడమే. కానీ కమిటీ కుర్చీల్లో కూర్చునేది ఎవరు? పలుకుబడి ఉన్నవాళ్లు. కౌలుదారుకు, కూలీకి అక్కడ కుర్చీ లేదు, నిలబడే జాగా కూడా లేదు. చట్టం తక్‌పట్టీ అంటుంది, మార్కెట్ తెల్లచీటీ అంటుంది.

దొంగ మందులు రెండు

ఈ రోగానికి రెండు మందులు చూపిస్తున్నారు. రెండూ దొంగ మందులే.

మొదటిది: మండీని తీసేయండి, పెద్ద కంపెనీలను రానివ్వండి, దళారీ పోతాడు, రైతు బాగుపడతాడు అనేది. 2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాల సారం ఇదే. మార్కెట్ యార్డు బయట ఎవరైనా, ఏ రుసుమూ లేకుండా కొనుక్కోవచ్చు అన్నారు. రైతులు ఏడాదిపాటు ఢిల్లీ సరిహద్దుల్లో చలికీ ఎండకీ కూర్చుంటే గాని 2021లో ఆ చట్టాలు రద్దు కాలేదు. చట్టం రద్దయింది, ఆశ రద్దు కాలేదు. ఈనాడు ఫోను మీద వేలు నొక్కితే నిమిషాల్లో కొత్తిమీర ఇంటికి వస్తున్నది. మధ్యలో దళారీ పోయాడా? పోలేదు. గోచీ కట్టిన దళారీ పోయి కోటు వేసుకున్న దళారీ వచ్చాడు. పాత అడ్తిదారు ముఖమైనా కనిపించేది, తిట్టడానికి ఒక దుకాణం ఉండేది. కొత్తవాడి ముఖం లేదు. "క్వాలిటీ లేదు" అని సరుకు తిప్పి పంపితే అడగడానికి మనిషి లేడు. బండి మీద పరుగెత్తి సరుకు అందించే కుర్రవాడు కూడా మన ఊళ్లలోంచి పనిలేక వచ్చిన కూలీ బిడ్డే.

రెండవ మందు: చిల్లర వ్యాపారి మీద కోపం తెప్పించడం. తోపుడుబండివాడే దోచుకుంటున్నాడు, వాడి దగ్గర కొనవద్దు అనడం. అందులోకి మతాన్ని కూడా లాగడం. 2020లో కరోనా వచ్చినప్పుడు దేశంలో కొన్ని చోట్ల ముస్లిం కూరగాయలవాళ్ల దగ్గర కొనొద్దని పుకార్లు పుట్టించారు. దబీర్‌పురాలో తోపుడుబండి నెట్టేవాడు రోజుకు మిగుల్చుకునేది ఒక పూట కూలి. వాడికి వడ్డీకిచ్చినవాడూ, యాచారం అక్కకు వడ్డీకిచ్చినవాడూ ఒకే జాతి - డబ్బు జాతి. అక్క గంప దించుకోవడానికి చేయి ఇచ్చేది ఆ బండి సాయిబే. వానొస్తే ఆయన పరదా కిందే ఆమె కట్టలు తడవకుండా ఉంటాయి. వీళ్లిద్దరినీ విడదీసినవాడు ఎవరి మేలు కోరుతున్నాడో పాఠకులు ఆలోచించాలి.

పేరున్న సరుకు, పేరులేని కూలీ

పాతబస్తీలోని ప్రత్యేక దుకాణాల సంగతి కూడా ఒకసారి చూద్దాం. అత్తరు దుకాణంలో కూర్చోబెట్టి, చేతికి రాసి, ఇది ఫలానా ఊరి అత్తరు అని చెబుతారు. యునానీ దినుసుల కొట్టులో ఏ వేరు ఏ రోగానికో వివరిస్తారు. అక్కడ సరుకుకు ఒక పేరు ఉంది, ఊరు ఉంది, కాబట్టి మర్యాద ఉంది, ధరా ఉంది. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లక్కగాజులకు 2024లో దక్కింది. తాండూరు కందికి 2022లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో వచ్చింది. సంతోషమే. కానీ మా ప్రశ్న ఒకటే - పేరు ప్యాకెట్టు మీదికి ఎక్కింది, కూలి కూలీ చేతికి ఎక్కిందా? కొలిమి ముందు కూర్చుని లక్కను కరిగించి గాజు తిప్పే మనిషికి పొగ మిగులుతున్నది. మిర్చి తెంపే ఆడమనిషికి చేతుల మంట మిగులుతున్నది. అడవిలో వేర్లు, జిగురు ఏరే గిరిజనుడికి ఆ కొట్టులో ధర ఎంతో తెలియదు. గుర్తింపు సరుకుకు ఇస్తున్నారు, మనిషికి ఇవ్వడం లేదు.

ఈ విషయంలో ఫ్రాన్సు దేశం కథ మనకు పనికివస్తుంది. మేము ఆ దేశం చూడలేదు, చదివి తెలుసుకున్నదే. అక్కడి పట్టణాల్లో వారానికి కొన్నాళ్లు వీధిలో సంత పెడతారు. జున్ను ఒక దుకాణం, రొట్టె ఒక దుకాణం, మాంసం ఒక దుకాణం - అచ్చం మన పాతబస్తీ పద్ధతే. 1935లోనే ఫలానా ఊరి ద్రాక్షసారా ఆ ఊరి పేరుతోనే అమ్మాలని చట్టం చేసుకున్నారు. మరోవంక పెద్ద పెద్ద అంగళ్ల కంపెనీలు పుట్టిందీ అక్కడే. 1963లో పారిస్ దగ్గర కార్ఫూర్ కంపెనీ ఒకే కప్పు కింద అన్నీ దొరికే మహా దుకాణం తెరిచింది. వీధి కొట్లు మూతపడుతుంటే చిన్న వర్తకులు ఆందోళన చేశారు. 1973లో రోయే చట్టం వచ్చింది - పెద్ద దుకాణం పెట్టాలంటే స్థానిక సంఘం అనుమతి ఉండాలి అని. ఆ చట్టం పెద్ద కంపెనీలను పూర్తిగా ఆపలేకపోయింది. అయినా పెట్టుబడిదారీ దేశంలోనే, కొట్లాడితే ఒక అడ్డుకట్ట వేయించుకోవచ్చని రుజువైంది. అదే కార్ఫూర్ 2010లో మన దేశానికి వచ్చి 2014లో దుకాణం కట్టేసుకుని పోయింది. పీడ పోయిందనుకునేలోగా 2018లో వాల్‌మార్ట్ వచ్చి ఫ్లిప్‌కార్ట్‌ను కొనేసింది. ముందు తలుపు మూస్తే పక్క తలుపులోంచి వస్తారు.

పారిస్ నడిబొడ్డున లే హాల్ అనే పెద్ద మండీ ఉండేది. 1969లో దాన్ని ఊరి బయట రుంజిస్‌కు తరలించారు. ఇరుకు, మురికి, లారీల రద్దీ అన్నారు. ఇవే మాటలు మనం ఎక్కడ విన్నాం? గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021-22లో ఊరి బయట బాటసింగారానికి పంపినప్పుడు విన్నాం. ఆ జాగాలో ఆసుపత్రి అన్నారు. ఆసుపత్రి వద్దని మేము అనం. పేదవాడికి ఆసుపత్రి కావాలి. కానీ మార్కెట్ కదిలినప్పుడు లారీలున్న వ్యాపారి కదలగలడు. హమాలీ, బుట్టలు అల్లేవాడు, రాలిన పండ్లు ఏరి అమ్ముకునే ముసలమ్మ, చాయ్ బండివాడు కదలగలరా? వాళ్ల పేర్లు ఎవరి పుస్తకంలో ఉన్నాయని అడిగితే జవాబు లేదు. ఇక్కడ కూడా చీటీ లేదు.

రైతుబజారు నేర్పిన పాఠం

ఏమీ చేయలేమా? చేయగలం. 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. రైతు నేరుగా వచ్చి అమ్ముకోవడం, ధరల పట్టిక బోర్డు మీద రాయడం, కార్డు చూపితే జాగా ఇవ్వడం. పెట్టిన ప్రభుత్వం మీద మాకు ఎన్ని విమర్శలున్నా, ఆలోచన మంచిదని అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటాం. బోర్డు మీద ధర రాయడమంటే అదొక చీటీయే గదా. అయితే అనుభవంలో ఏం జరిగింది? పాసుపుస్తకం ఉన్నవాడికి కార్డు సులువు. కౌలుదారుకు కష్టం. పొద్దంతా కూలికి పోయి పెరట్లో నాలుగు మళ్లు వేసుకునే ఆడమనిషికి అసాధ్యం. ఆ సందులోంచి వ్యాపారి రైతు వేషం కట్టి లోపలికి వచ్చి కూర్చుంటాడు. తప్పు బజారుది కాదు, కార్డు ఎవరికిస్తున్నామన్న దానిలో ఉంది. భూమి కాగితం చూసి కాకుండా పండించే చేతిని చూసి ఇవ్వాలి.

రోడ్డు మీద కూర్చునేవాళ్లకూ చట్టం ఉంది. 2014లో వీధి వ్యాపారుల రక్షణ చట్టం వచ్చింది. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. పట్టణ కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలనీ, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలనీ ఉంది. యాచారం అక్కకు ఈ సంగతి చెబితే ఆమె నవ్వింది. "గంత మంచి కాయిదం ఉంటే నన్ను పొద్దుగాల లేపేటోనికి సూపియ్యరాదె అన్నా" అంది. చట్టం చదవడం రాని ఆమెకు చట్టం పని ఏమిటో మనకన్నా బాగా తెలుసు.

ఇక కొనేవాళ్లతో ఒక మాట. మీరు కూడా జీతం రాళ్ల మీద బతికేవాళ్లే, మాకు తెలుసు. దబీర్‌పురాలో గాజులు తిప్పేవాడు, జరీ కుట్టేవాడు, ఆటో నడిపేవాడు ఖరీదైన కూరగాయ కొనలేడు. రైతుకు ధర పెరగాలంటే మీ సంచి బరువు తగ్గాలని మేము అనడం లేదు. మీరిచ్చే రూపాయిలో మధ్యన మాయమయ్యే మూడింట రెండు వంతుల గురించే మేము మాట్లాడుతున్నాం. అందులో లారీ కిరాయి, హమాలీ కూలి, కుళ్లిపోయే సరుకు నష్టం న్యాయంగా ఉన్నవే. ఆ పైన ఉన్న వడ్డీ, అక్రమ కమీషను, కల్పించిన కొరత - ఇవి తగ్గితే మీకూ చవక, మాకూ ధర. బేరం గంప ముందు కూర్చున్నదానితో కాదు, ఇద్దరం కలిసి పైవాడితో ఆడవలసింది.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి. ఒకటి, ప్రతి మార్కెట్‌లో ప్రతి సరుకుకూ తక్‌పట్టీ ఇవ్వాలి. తెల్లచీటీ రాసినవాడి లైసెన్సు తీసేయాలి. రెండు, మార్కెట్ కమిటీల్లో కౌలుదారుకు, వ్యవసాయ కూలీకి, హమాలీకి కుర్చీ ఉండాలి. మూడు, పాల సంఘాల తీరులో కూరగాయలకు సహకార సంఘాలు పెట్టి, కౌలుదార్లకు అడ్తి అప్పు అవసరం లేకుండా బ్యాంకు అప్పు ఇప్పించాలి. నాలుగు, ఊళ్ల నుంచి గంపలు తెచ్చే ఆడవాళ్లకు మండీల దగ్గర నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, తెల్లవారుజామున బస్సు ఏర్పాటు చేయాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఐదు, పంటకు ధర నిర్ణయించే ప్రతి లెక్కలో కూలి గడి వేరుగా రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలే హక్కు ఎవరికీ లేదు.

ప్రభుత్వం వినేదాకా మనం చేయదగిన పని ఒకటుంది. కూలీ సంఘాలు ఊరూరా ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఏ రోజు ఎవరి చేనులో ఏం తెంపాం, ఎన్ని బుట్టలు, కూలి ఎంత, ముట్టిందా లేదా, ఆ రోజు పట్నంలో ధర ఎంత - ఇవి రాయాలి. బడికిపోయే పిల్లలున్నారు, వాళ్లు రాస్తారు. మా మండలంలో రెండు ఊళ్లలో మొదలుపెట్టాం. మొదటి నెలలోనే బాకీ ఉన్న కూలి ఎంతో అందరి ముందు చదివితే, ఇవ్వనివాళ్లలో కొందరు మాట్లాడకుండా తెచ్చి ఇచ్చారు. మమ్మల్ని నిలేసిన అవ్వ కూడా వచ్చింది. ఆమెకు చదువు రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే ఆ గీతల మీద వేలు పెట్టి, "నా కూలి ఇండ్ల ఉన్నదా?" అని అడిగింది.

ఉంది. వసూలు చేయడం మిగిలింది.